నీళ్ళు తాగని మూర్తిగారు

రాధాకృష్ణమూర్తి గారికి ఒకటే జబ్బు. ఏ గుమ్మం కనబడినా మంచినీళ్ళు అడుగుతారు, చుక్క కూడా తాగరు. సీసాలో పోసుకుని, మూత బిగించి, దాని మీద ఇంటిపేరు రాసుకుని వెళ్ళిపోతారు.

రెండువేల ఆరులో పర్చూరులో మా వీధికి వచ్చారాయన. మూతబడిన పురుగుమందుల గోడౌను వెనక, గడువు తీరిన పత్తిమందు డ్రమ్ములు ఎవరో పాతిపెట్టారని బయటపడింది. ఆ విషం ఎంతదూరం పాకిందో తేల్చడం ఆయన పని.

"తాగని మనిషికి నీళ్ళెందుకక్కా?" అంది పున్నమ్మ. దాని బెంగ దానిది. గోడౌను గోడ పక్కనే దాని ఇడ్లీకొట్టు. బోరింగు చెడిందన్న మాట పుడితే అక్కడ ఈగ కూడా వాలదు. దాని బతుకంతా ఆ కొట్టే.

మొదటి విడతలో వీధంతా ఆయనకు నీళ్ళిచ్చింది. వారం తిరిగేసరికి మా అరుగు మీద తల పట్టుకుని కూలబడ్డారు.

"పిన్నిగారూ, అందరి నీళ్ళూ అచ్చం ఒకేలా ఉన్నాయండీ! ఎలా కుదురుతుంది?"

"కుదరదా మరి? అన్నీ క్యాను నీళ్ళే. అంత పెద్దాఫీసరుకి బోరింగు నీళ్ళిస్తామా?"

మర్నాటి నుంచి బోరింగు ఆయనే కొట్టుకున్నారు.

ఆ తర్వాత వీధిలో ఎవరూ బోరింగు నీళ్ళు ముట్టొద్దని చెప్పి, ట్యాంకరు తెప్పించారు. గోడౌను వెనక సిమెంటు పోసి మూసేద్దామన్న వాళ్ళతో, "కిందికి దిగే విషానికి పైన మూతేమిటండీ? తవ్వి తియ్యాల్సిందే" అని కాళ్ళ చెప్పులు అరిగేలా తిరిగి పోట్లాడారు.

ఎవరి బోరింగు చెడిందో మాత్రం చెప్పరు. పక్కింటి తాళింపు వాసన పట్టి ఎన్ని ఎండుమిరపకాయలు వేశారో చెప్పగలదాన్ని, ఆయన నోరు విప్పించలేకపోయాను.

"ఆ ఇంటివాళ్ళకి చెప్పానండీ." అంతే.

సీసాలు పట్టుకుని వారం వారం గుమ్మం గుమ్మం ఎక్కడం మాత్రం మానలేదు. ఒకరోజు వెంటపడ్డాను. సందు మలుపులో నా సీసా మూత తీసి, మురుక్కాలవలో వంపేస్తున్నారు!

"అవ్వ! నా నీళ్ళేం పాపం చేశాయండీ?"

"మీవి మంచివేనని ఎప్పుడో తేలిపోయిందండీ."

"మరెందుకు పట్టినట్టు?"

గొంతు తగ్గించారు. "వారం వారం ఒక్క గుమ్మం ముందే ఆగితే, అక్కడ ఇడ్లీ ఎవరు తింటారు పిన్నిగారూ?"

అనేసి నాలిక కరుచుకున్నారు.

అంతలో ఎదురింటి కనకలక్ష్మి కిటికీలోంచి మెడ చాచింది. నేను ఆ ఖాళీ సీసా లాక్కుని, "ఇలా సగం సగం పడితే ఎలాగండీ? మా బోరింగు మీదే నాకు అనుమానం! నిండా పట్టండి!" అని వీధంతా వినబడేలా అరిచాను.

కనకలక్ష్మి చెంగు బిగించి పరుగెత్తుకొచ్చింది.

"ఆవిడకే ఒకటి పడితే, మాకు రెండు పట్టాల్సిందే!"