పెదాల మాస్టారి లెక్క

“...అది కాదమ్మాయ్, నీ ఏడుపు బాగానే ఉంది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. కానీ పెదాలు కలవలేదు!”

“కొడుకు పోయిన తల్లి మాస్టారూ! ఆ ఏడుపులో పెదాలెవరు చూస్తారు?”

“నేను చూస్తాను.”

చూస్తారు. అదొక్కటే చూస్తారు. తెర మీద ఇల్లు తగలబడుతున్నా మా పెదాల మాస్టారికి కనబడేది నటుల మూతులే. వాళ్లు ఎక్కడ పెదాలు మూస్తే సరిగ్గా అక్కడ మన మాటలో ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి. పడకపోతే ఆయనకి అన్నం సహించదు. పరాయి భాషల సిరీస్‌లకి మన మాటలు రాయడం ఆయన పని. వాటిని రికార్డు చేయడం నా పని. ఇందాక ఆయనతో దెబ్బలాడింది మా డబ్బింగ్ అమ్మాయి. పదకొండేళ్లు పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఈ జబ్బు స్టూడియోతో ఆగేది కాదు.

పళ్ల డాక్టరు మాస్కు పెట్టుకుని మాట్లాడాడని, పన్ను పీకించుకోకుండానే లేచి వచ్చేశారోసారి. “మూతి కనబడనివాడి మాట నమ్మేదెలాగయ్యా?” ఇంట్లో టీవీ మూగగా ఆడుతుంది. వార్తలు చదివే ఆవిడకి ఆయనే మాటలు వేస్తారు. అసలు వార్తలకన్నా అవే నయమంటుంది వాళ్లావిడ. “పెళ్లయిన కొత్తలో నేను మాట్లాడుతుంటే రెప్ప వేయకుండా చూసేవారు. మురిసిపోయాను. లెక్కపెడుతున్నారని ఆరునెలలకి తెలిసింది,” అని కూడా అంటుంది.

కిందటి నెల ఒక సిరీస్ వచ్చింది. సైకిళ్లు బాగుచేసే షాపు నడుపుకునే ఇద్దరు ఆడవాళ్లు, ఒకరంటే ఒకరికి ప్రేమ. ఆరో ఎపిసోడ్‌లో వాళ్లలో పెద్దామె, పక్కనున్న ఆమెని తండ్రికి చూపించి, “ఈమె నేను ప్రేమించిన మనిషి” అంటుంది. మాస్టారు అలాగే రాశారు. ఓటీటీ కంపెనీ తరఫున వచ్చిన మేనేజరమ్మ ఆ వాక్యం కొట్టేసి “ఈమె నా స్నేహితురాలు” అని దిద్దింది. దిద్ది, ఫోను మోగితే బయటికి వెళ్లింది.

అద్దాల గదిలోంచి డబ్బింగ్ అమ్మాయి విసురుగా వచ్చింది.

“నేను ఆ మాట అనను మాస్టారూ. నేను గొంతిచ్చినవన్నీ మా అమ్మ చూస్తుంది. నాతో ఉంటున్న మనిషిని ఆరేళ్లుగా అమ్మకి స్నేహితురాలనే చెబుతున్నాను. ఈ ఎపిసోడ్ చూపించి నిజం చెప్పేద్దామనుకున్నాను. ఇక్కడా అదే అబద్ధమా?”

“అనకపోతే సాయంత్రానికి వేరే గొంతు తెస్తారు,” అన్నాను.

“తెచ్చుకోనీ.”

నేను తెల్లబోయాను. మాస్టారు మాత్రం కాగితాలు సర్దుకుంటున్నారు. “ఆ సంగతి నాకెప్పుడో తెలుసమ్మాయ్. అద్దం అవతల నిలబడి ఫోన్లో మాట్లాడతావు. మాట వినబడదు సరే, పెదాలు కనబడవూ? వెళ్లి మైకు ముందు నిలబడు.”

మేనేజరమ్మ తిరిగొచ్చింది.

“మీరు దిద్దింది కుదరదండీ,” అన్నారు మాస్టారు.

“ఎందుకు కుదరదు?”

“పెదాలు. ఆ నటి నాలుగుసార్లు మూస్తుంది. మీ వాక్యంలో మూసేది ఒక్కసారే. మిగతా మూడుసార్లు ఏం చేస్తున్నట్టు? ఈగల్ని ఊదుకుంటోందా?”

“ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు సార్!”

“అందుకే చెబుతున్నా. పోయిన సిరీస్‌లో ఇలాంటి ఇద్దరినే అక్కచెల్లెళ్లని చేయించారు. తొమ్మిదో ఎపిసోడ్‌లో ముద్దు పెట్టుకున్నారు. ఇంటిల్లిపాదీ ఏమని ఉత్తరాలు రాశారో జ్ఞాపకముందా?”

మేనేజరమ్మ తను దిద్దిన కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“నమ్మకం లేకపోతే తెర మీద చూద్దురుగాని. ఏమయ్యా, వెయ్యి!”

నేను బటన్ మీద వేలు పెట్టాను. బల్ల కింద మాస్టారి చెప్పు నా కాలి మీద పడింది. గట్టిగా పడింది.

“వద్దులెండి,” అందావిడ గడియారం చూసుకుంటూ. “పెదాల విషయంలో మీతో నెగ్గినవాళ్లు లేరని మా ఆఫీసంతా చెప్పి పంపారు. మీరు రాసిందే ఉంచండి. పెదాలు కుదరలేదని మావాళ్లకి చెబుతాను.”

ఆవిడ మెట్లు దిగిన చప్పుడు ఆగాక ఆ షాట్ వేశాను. పెద్దామె తండ్రికి ఎదురుగా నిలబడి ఉంది. మనకి కనబడేది ఆమె వీపు, ఆ వీపు మీద జడ. వాక్యం మొదలైనప్పటినుంచి ముగిసేదాకా వీపే.

“మాస్టారూ, పెదాలేవీ?”

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. “లేవా? చత్వారమయ్యా నాకు.”

“నాలుగుసార్లన్నారు!”

“మూతి కనబడితే నాలుగుసార్లే మూసేది. టేక్ మొదలుపెట్టు.”

అమ్మాయి ఒక్క టేక్‌లో చెప్పేసింది. పదకొండేళ్లలో మొదటిసారి మాస్టారు “ఇంకోసారి” అనలేదు. ఆమె హెడ్‌ఫోన్లు కొక్కేనికి తగిలించి, అద్దం ఇవతలికి వచ్చి, మా ఎదురుగానే ఫోను చేసింది.

“అమ్మా, ఆరో ఎపిసోడ్ వచ్చిన రోజు నువ్వొక్కదానివే చూడకు. మా ఇంటికి రా. ముగ్గురం కలిసి చూద్దాం.”