ఎర్రనేల కింద తిన్నని గీత

2016 మార్చిలో నన్ను బీదర్‌కు బదిలీ చేశారు. నేను భూగర్భ జలాల జియాలజిస్టుని. బోరు ఎక్కడ వేయాలో చూపించడం నా పని. ఆ ఏడు కరువు. పేపరు తెరిస్తే ట్యాంకర్ల వార్తలే.

ఊరి అంచున మల్లయ్య అనే రైతు టమాటా తోట వడలిపోతోంది. బోరు లారీ మన్నాఏఖేళ్ళి నుంచి వచ్చి గట్టున నిలబడింది. అది వెళ్లిపోతే వానాకాలం దాకా మళ్లీ దొరకదు.

మా పద్ధతిలో నేలలో ఇనుప కడ్డీలు పాతి కరెంటు పంపుతాం. తడి ఉన్నచోట అది సులువుగా పోతుంది, మీటరు ఆ సంగతి చెబుతుంది. తడి దొరికినచోటల్లా మేకు కొట్టి వెనక్కి తిరిగితే, మేకులన్నీ దారం పట్టినట్టు ఒకే వరుసలో ఉన్నాయి. రాతి పగుళ్లకు అంత బుద్ధి ఉండదు. ఆ వరుస కొసన రాళ్లతో పూడిన పాత గుంట ఉంది. అవతలి పొలంలో అలాంటిదే ఇంకొకటి. లారీని ఆపమన్నాను.

మల్లయ్య మండిపడ్డాడు. “సారూ, తోట ఎండిపోతాంది. నీళ్లున్నయని మీరే అంటిరి, మళ్ల మీరే ఆపమంటున్రు. మిషన్ వాపస్ పోతే నా గతేంగావాలె?”

సాయంత్రం దాకా ఆగమని బతిమాలాను. సణుగుతూనే ఆయనా లారీవాళ్లూ గుంటలోని రాళ్లు తీశారు. ముందు దీపం దించి, అది ఆరిపోలేదు కాబట్టి లోపల గాలి ఉందని తేల్చుకుని, తాడు పట్టుకుని నేను దిగాను.

లోపల మనిషి నిలబడేంత సొరంగం. ఎర్రరాయి మీద ఉలి దెబ్బలు నిన్న కొట్టినట్టే ఉన్నాయి. పాదాలు మునిగేంత నీళ్లు, అద్దంలా తేటగా, చప్పుడు లేకుండా పట్నం వైపు సాగుతున్నాయి. బహమనీల కాలం నాటి నీటి దారి. దీన్ని కరేజ్ అంటారు. పైన చూసిన గుంటలు దాన్ని తవ్వడానికి దించిన బావులే. పుస్తకాల్లో చదివిందే, అయినా ఆ ఉలి గాట్లను వేళ్లతో తడిమి చూశాను. మీటరు లేని మనుషులు భూమి లోపల ఇంత తిన్నగా ఎలా నడిచారు?

మల్లయ్య చెప్పులు పైనే వదిలి దిగాడు. దోసిలి నిండా నీళ్లు ఎత్తి చాలాసేపు చూశాడు.

“మా కాళ్ల కిందనే పారుతాంది. మేమేమో వానకోసం మొగులు దిక్కు జూస్కుంట కూసున్నం.”

ఈ నీళ్లు ఎర్రరాయికీ, దాని కింది నల్లరాయికీ మధ్య నిలుస్తాయి. బోరు దించితే నల్లరాయి చీలికల్లోకి జారిపోయి సొరంగమే ఎండిపోవచ్చు. ఆ మాట చెప్పాను. ఆయన పైకి వచ్చి తోట వైపు ఒకసారి చూశాడు. తర్వాత లారీ డ్రైవరుతో, “నువ్వు పో అన్నా” అన్నాడు.

గుంటలోంచి చేదిన నీళ్లతో తోట సగమే బతికింది. పేపర్లో ఎండల వార్త కింద ఆ సొరంగం గురించి నాలుగు లైన్లు వచ్చాయి.

ఆ తర్వాత ఉద్యోగం ముగిసేదాకా, మీటరు బయటికి తీసేముందు పొలం చుట్టూ నడిచి పాత గుంటలు వెతికాను. నేల తనంతట తాను తిన్నని గీత గీయదు. మీటరు అలాంటి గీత చూపిస్తే, అక్కడ మనకంటే ముందు ఎవరో పని చేసి వెళ్లారని అర్థం.