ఓర్పమ్మ మొర

గోడ మీద ఫొటోలు చూసి వీడెవడు, వాడెవడు అని నా ప్రాణం తోడేస్తారు. మీసాల తాత సంగతి కావాలి, గొడుగు పట్టుకున్న మామ సంగతి కావాలి. ఆ మూల మసకబారిన ఫొటోలో, మెడలో టేపు వేసుకుని నిలబడ్డ ఆడమనిషి ఎవరని ఒక్కరన్నా నోరు తెరిచారా? మీ నాన్న తొడుక్కున్న మొదటి చొక్కా ఆమె చేతిది. మీలో పెద్దదాన్ని పడుకోబెట్టిన బొంత ఆమె కుట్టింది. దాని మీద ఉచ్చలు పోశారు గానీ కుట్టిందెవరని అడిగిన పాపాన పోలేదు. అడక్కపోయినా చెప్తాను, వినండి. మధ్యలో లేచారంటే వీపు విమానం మోత మోగుతుంది.

ఆమె నాకు తోడికోడలు. మీకు పెద్దనాన్నమ్మ. మీ పెద్దతాత, అంటే మా బావగారు, గోడలకి రంగులు వేసేవాడు. ఒకే ఇంటిని మధ్యలో గోడ పెట్టి రెండు చేశారు. ఇవతల మేము, అవతల వాళ్ళు. అవతల వాళ్ళు తుమ్మితే ఇవతల నాకు జలుబు చేసేది, అంత పల్చటి గోడ.

ఒకనాడు బావగారు మూడో అంతస్తు దగ్గర కట్టిన పలక మీద నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, కాళ్ళు దక్కలేదు. నడుం కింద స్పర్శే లేదు. అప్పటినుంచి నడిమి గదిలో మంచమే ఆయన లోకం. ఆమె పక్కగదిలో మోటారు మిషను పెట్టుకుని దుప్పట్లు, దిండు గలీబులు కుట్టేది. పొద్దున్నే ఆయన ఒళ్ళు తుడవాలి, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాలి, వీపుకి పౌడరు అద్దాలి. అంత మనిషిని ఒంటి చేత్తో తిప్పేది. నోట్లోంచి మాత్రం ఒక్క విసుగు మాట రాదు. ఎప్పుడు చూసినా నవ్వు మొహమే.

చర్చిలో ఆమెకి ఓర్పమ్మ అని పేరు పెట్టారు. నాకేం పేరు పెట్టారో తెలుసా? గొణుగుల గంప. మొహం మీద అనలేదు, వెనక అనుకున్నారు. నాకు చెవులున్నాయి కదా.

నాకు కడుపు మండేది. మండదూ మరి? ప్రార్థనలో మొదటి పేరు ఆమెది. పళ్ళు తెస్తే ఆమె ఇంటికి, బిస్కెట్లు తెస్తే ఆమె ఇంటికి. నా మోకాళ్ళ నొప్పులకి ఆమెన్ అన్నవాడు లేడు. నాకేమో రెండు కాళ్ళున్న మొగుడాయె. ఆ రెండు కాళ్ళ మీద ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు మీ తాత. అన్నం తినేటప్పుడు ఒకసారి, పడుకునేటప్పుడు ఒకసారి దించేవాడు. మొగుడికి కాళ్ళుంటే ఆడదాని కష్టం కష్టం కింద లెక్క రాదని అప్పుడే తెలిసింది నాకు.

ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి, మంచం పక్కనే నిలబడి మొదలెట్టాను. "ఏంటక్కా, నీ బతుకు ఇలా తెల్లారిపోయింది" అన్నానో లేదో, నా మోచెయ్యి పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుపోయింది.

"నోరు మూస్తావా?"

"ఏమన్నానక్కా? జాలిపడ్డాను."

"నీ జాలి తగలెయ్య! కిందటేడు ఎదురింటావిడ ఇలాగే, పాపం ఎంత బరువైపోయాడో అనేసి చక్కా పోయింది. ఆ మాట విని ఆయన నాలుగు రోజులు మెతుకు ముట్టలేదు. పళ్ళు బిగించుకుని పడుకున్నాడు. ఇంకోసారి అలాంటి మాట ఆయన చెవిన పడిందా, ఈ మనిషి నాకు దక్కడు. అర్థమైందా?"

అర్థం కాకేం? ఆ ఇంట్లో ఏడుపుకి చోటు లేదన్నమాట.

సాయంత్రం కాగానే ఆమె మిషను గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. గర్రుమని మోత మొదలయ్యేది. పాపం, ఎంత కుడుతుందో అని వీధి వీధంతా మెచ్చుకునేది. నాకు మాత్రం అనుమానమే. అంతసేపు మోత మోగినా, తెల్లారి చూస్తే దుప్పట్ల గుట్ట గుట్టలాగే ఉండేది.

ఒకనాటి సాయంత్రం పాస్టరమ్మగారు ఇద్దరు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. మిషను మోగుతోంది కదా, పని అయ్యేదాకా కూర్చుంటాం అని బావగారి మంచం చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. నేనూ వెళ్ళాను. నా తోడికోడలి పొగడ్తలు నేను వినకపోతే ఎవరు వింటారు?

"స్త్రీల కూటంలో మీ ఆవిడ తన అనుభవం సాక్ష్యంగా చెప్పాలండీ" అంది పాస్టరమ్మగారు. "శ్రమల్లో సణగకుండా ఉండడం ఎలాగో ఆమెని చూసి మేమంతా నేర్చుకోవాలి." అని నావైపు చూసి, "ముఖ్యంగా కొందరు" అంది.

నేను ఫ్యానుకేసి చూశాను.

బావగారు అన్నాడు, "నాతోనూ ఏమీ అనదమ్మా. నవ్వుతుంది. నవ్వి అవతలికి పోతుంది. ఏదో బొమ్మతో కాపురం చేస్తున్నట్టుంటుంది నాకు."

అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మిషను ఆగింది. ఆమె నోరు మాత్రం ఆగలేదు.

"ఏమయ్యా! ఇంకా ఎన్నేళ్ళు? కళ్ళు కనపడవా నీకు? చెవులు వినపడవా?"

వచ్చిన ఆడవాళ్ళు ఉలిక్కిపడి మంచంకేసి చూశారు. మొగుణ్ణి తిడుతోందనుకున్నారు పిచ్చిమాలోకాలు.

"పైన కూర్చుని చూడ్డానికి ఇదేమన్నా ఆటా? లేపేటట్టయితే ఆయన్ని లేపు. తీసుకుపోయేటట్టయితే ఇద్దర్నీ తీసుకుపో. నా రెక్కలు పడిపోతున్నాయి, ఇంక నా వల్ల కాదు. నువ్వు మంచివాడివి, మంచివాడివి అని అందరికీ చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది. ఆ మంచేదో ఒక్కసారి నాకూ చూపించు!"

అక్కడ ఆగింది. మిషను మోగట్లేదని అప్పటికి తెలిసొచ్చినట్టుంది.

నేను వెళ్ళి తలుపు తోశాను. మిషను మీద గుడ్డ లేదు. సూదిలో దారం లేదు. ఇన్నాళ్ళూ ఉత్త మిషనే తొక్కింది, తన అరుపు మొగుడికి వినపడకుండా. కాలు ఇంకా పెడలు మీదే ఉంది. మంచంకేసి తిరిగి చూడ్డానికి నాకే భయమేసింది. పోయాడు, ఇంక ఈయన మెతుకు ముట్టడు అనుకున్నాను.

మంచం మీద నుంచి మాట వచ్చింది. "ఏమే, ఇన్నాళ్ళూ నన్నొదిలేసి నువ్వొక్కదానివే అడుగుతున్నావా?"

ఆమె గుమ్మంలోకి వచ్చి, చెంగు నోట్లో కుక్కుకుంది. "మీరు వింటే..."

"వింటే ఏమవుతుంది? బరువు మోసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అబ్బా అంటారు. నువ్వు ఒక్కసారీ అనలేదు. నన్ను ఎప్పుడో కింద పెట్టేశావేమో అనుకున్నాను. అడుగు. నా వంతూ కలిపి అడుగు. వీపు మండిపోతోందని కూడా చెప్పు."

పాస్టరమ్మగారికి ఎటూ పాలుపోలేదు. "అది కాదమ్మా, దేవుణ్ణి పట్టుకుని అలా అనొచ్చా? సణుగుడు పాపం కదా?" అంది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "దేవుడి మీద వాళ్ళకీ వీళ్ళకీ చెప్తే సణుగుడండీ. ఆయన సంగతి ఆయనకే చెప్తే మొర. సిలువ మీద కొడుకు ఊరుకున్నాడా? ఎందుకొదిలేశావని నలుగురూ వినేట్టు తండ్రినే అడిగాడు. నాలాగా మిషను తొక్కుతూ అడగలేదు."

పాస్టరమ్మగారు మంచినీళ్ళు తాగి, ప్రార్థన చేసి వెళ్ళిపోయింది. సాక్ష్యం ఇంకెవరితోనో చెప్పించారు. ఓర్పమ్మ అన్న పేరు ఆ నెలలోనే పోయింది. బావగారు ఆ పూట అన్నం తిని, మళ్ళీ పెట్టించుకుని తిన్నాడు.

ఆ మర్నాటి నుంచి సాయంత్రమైతే తలుపు బార్లా తెరిచి, మంచం పక్కన కూర్చునేది. ఇద్దరూ కలిసి మొదలెట్టేవాళ్ళు.

"నిన్న అడిగింది ఏమైంది?" అని ఆమె.

"మర్చిపోయుంటాడు, మళ్ళీ చెప్పు" అని ఆయన.

మధ్యలో నవ్వుకునేవాళ్ళు. ఒక్కోనాడు ఏడ్చేవాళ్ళు. చివర్లో మాత్రం రోజూ ఒకటే మాట: "నీ చిత్తమే కానియ్యి. మాకు నచ్చలేదని మాత్రం గుర్తుపెట్టుకో." గోడకి ఇవతల నేను కూరగాయలు ముందేసుకుని వినేదాన్ని. నా ఎదురుగా పేపరు. పేపరు వెనక మీ తాత. మంచాన పడ్డ మొగుణ్ణి చూసి కుళ్ళుకున్న ఆడది లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ కుళ్ళు ఇప్పటికీ పోలేదు.

ఆయనకి కాళ్ళు రాలేదు. అద్భుతం జరిగిందని ఎవరన్నా మీకు చెప్తే నమ్మకండి. చాలా ఏళ్ళు బతికాడు, ఆ మంచం మీదే పోయాడు.

ఆ తర్వాత ఒకనాడు అడిగాను. "అక్కా, అన్నేళ్ళు అడిగారు కదా, దేవుడేమిచ్చాడు?"

"అడిగింది ఇవ్వలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు" అంది. తర్వాత నాకేసి చూసి, "నువ్వూ అడగరాదుటే? వీధంతా పంచిపెట్టే బదులు అదంతా ఆయన దగ్గరే పొయ్యరాదూ?"

ఆ సాయంత్రం తలుపేసుకుని మోకరించాను. ఏం చెప్పను? మొగుడు తాగడు, కొట్టడు. నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది. అక్కకి నీతో పోట్లాడ్డానికి పక్కన ఇంకొకణ్ణి ఇచ్చావు, నాకెందుకివ్వలేదు? జవాబు రాలేదు. నేనూ మానలేదు. ఇవాళ పొద్దున కూడా అడిగాను.

బావగారు పోయిన రెండేళ్ళకి ఆమెకి జ్వరం తగిలింది, వారం ఉంది. పోయేనాటికి ఆమెకి అరవై ఒక్క ఏళ్ళు.