నూట నలభై మూడు ట్యాబుల గోపాలరావు

గోపాలరావు బ్రౌజర్‌లో ఒకసారి తెరిచిన ట్యాబును మళ్లీ మూసిన పాపాన పోలేదు. గురజాల బస్టాండు ఎదురు సందులో ఆయన ఆన్‌లైన్ సెంటరు. రేషన్ కార్డు, పాసుపుస్తకం, పరీక్ష ఫీజు, ఏ పనైనా అక్కడ ఒక ట్యాబుతో మొదలయ్యేది. పని ముగిసేది. ట్యాబు ముగిసేది కాదు.

మే నెలలో పనికి చేరిన మొదటిరోజే యాస్మిన్ ఆ తెర చూసి నోరు తెరిచింది. నరసరావుపేటలో కంప్యూటర్ డిగ్రీ చదివొచ్చిన పిల్ల. తెర పైభాగాన ట్యాబులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, పేర్లు కూడా కనబడనంత సన్నగా చిక్కిపోయి ఉన్నాయి.

"ఇదేంది బాబాయ్! ఇన్ని తెరిచిపెట్టావేంది?"

"ఎన్నని? నూట నలభై మూడేగా."

"ఏది ఎవరిదో ఎట్టా తెలుస్తది?"

"ఎందుకు తెలవదు? ఎడమ నుంచి నలభై ఏడోది రొంపిచెర్ల రాజమ్మది. కార్డులో మనవడి పేరు ఎక్కించాలి."

యాస్మిన్ వేలు పెట్టి లెక్కబెట్టింది. నలభై ఏడోది నిజంగానే రాజమ్మది. పేరు ఎక్కి ఆర్నెల్లయిందని కూడా అందులోనే రాసి ఉంది.

"ఈ పని అయిపోయింది బాబాయ్! మూసెయ్యనా?"

"ఆగవే. రేపు ఇంకో మనవడు పుడితే?"

కంప్యూటర్ మెమరీ ఎప్పుడు చూసినా తొంభై ఏడు శాతం నిండి ఉండేది. మౌసు నొక్కి, ఎదుటి కొట్లో టీ తాగొచ్చేసరికి పేజీ తెరుచుకుంటే ఆ రోజు అదృష్టం బాగున్నట్టే. లోపలి ఫ్యాను బోరు మోటారులా హోరెత్తేది. అంత ఎండల్లోనూ ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్‌ను గోపాలరావు కంప్యూటర్ వైపే తిప్పి పెట్టేవాడు. జనం దరఖాస్తు ఫారాలతో విసురుకునేవాళ్లు.

మెకానిక్ ఐజాజ్ నాలుగు జీబీ ర్యామును ఎనిమిది చేశాడు. ఎనిమిదిని పదహారు చేశాడు. పదహారు వేసిన వారానికి వచ్చి చూస్తే మళ్లీ తొంభై ఏడు శాతమే. ఐజాజ్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేశాడు.

"బాబాయ్, నేను నీకు ర్యాము వేశానా, ఖాళీ స్థలం రిజిస్టర్ చేయించానా?"

అసలు తమాషా ఇంకోటి. దరఖాస్తుల సైట్లు పది నిమిషాలు ముట్టుకోకపోతే మనిషిని బయటికి గెంటేస్తాయి. అందుకని గోపాలరావు ఎవరితో ఏం మాట్లాడుతున్నా సరే, మధ్యలో "ఉండండి, తడి పెట్టొస్తా" అని లేచేవాడు. మిరపతోటకు నీళ్లు కట్టే రైతులా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కో ట్యాబూ నొక్కుకుంటూ పోయేవాడు. ఆ చివరికి చేరేసరికి ఈ చివర ఎండిపోయేది. మళ్లీ మొదలు.

"ఇంట్లో గూడా ఇంతేనమ్మా," అని ఆయన భార్య అంజమ్మ వాపోయేది. "ఫ్రిజ్జు తలుపు తెరిచిపెట్టి నాతో మాట్లాడతాడు. మూయబోతే, ఉండవే, దాంతో ఇంకా పనుంది అంటాడు."

జూన్‌లో ఒక మధ్యాహ్నం. రైతులు వేలిముద్రలు వేయడానికి సందు చివరిదాకా నిలబడ్డారు. గోపాలరావు మూడు రోజులుగా ఇంటికి వెళ్లడం లేదు. తిండీ పడకా సెంటరులోనే. అంజమ్మతో ఏదో గొడవయిందనుకుంది యాస్మిన్. ఆయన టీ తాగొస్తానని అటు వెళ్లగానే ఇటు తెర బిగుసుకుపోయింది. వరుసలో కేకలు మొదలయ్యాయి. యాస్మిన్ పళ్లు బిగబట్టి, చేతిలో ఉన్న పని తప్ప మిగతా ట్యాబులన్నీ ఒక్క నొక్కుతో మూసేసింది.

మెమరీ ఇరవై ఒక్క శాతానికి జారింది. ఫ్యాను హోరు ఆగింది. సందంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయి జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ నిశ్శబ్దం టీ కొట్టుదాకా పాకింది. గోపాలరావు చేతిలో గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"కరెంటు పోయిందా?"

"లేదు బాబాయ్. ట్యాబులు మూసేశా."

"ఎన్ని?"

"అన్నీ."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఒక్క మాట తిట్టలేదు. "చివర్న ఉన్నది గూడానా?" అన్నాడంతే.

యాస్మిన్ గబగబా మూసినవన్నీ మళ్లీ తెరిచింది. వచ్చాయి. కానీ ప్రతిదీ కొత్తవాళ్లను చూసినట్టు, నువ్వెవరని అడుగుతోంది. చివర్న ఉన్నది మాచవరం దేవికది. వ్యవసాయ డిగ్రీ సీటుకు కాలేజీలు ఎంచుకునే పేజీ. ఆ సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది. లోపలికి వెళ్లాలంటే ఓటీపీ కావాలి. అది దేవిక తండ్రి నరసింహారావు ఫోనుకు వెళుతుంది.

"ఆ పిల్లకి బాపట్లలో చదవాలని," అన్నాడు గోపాలరావు. "వాళ్ల నాన్నకి, ఊరు దాటొద్దని. బతిమాలితే ఒక్కసారి ఓటీపీ చెప్పాడు. ఇంకోసారి అడిగితే అసలు చదువే లేదన్నాడంట. బాపట్లను ముందు పెట్టాలా వద్దా దానికింకా తేలక రోజూ వచ్చి మార్చుకుంటా ఉంది. మళ్లీ ఓటీపీ అడిగే పని లేకుండా మూడు రోజుల్నించి తడి పెడతా ఉన్నా."

"రాత్రుళ్లు గూడానా? మరి అంజమ్మ పిన్నితో గొడవ?"

"గొడవేందే? రెండు పూటలా క్యారేజీ పంపుతున్నది ఆవిడేగా."

గోపాలరావు ఫోను తీసి స్పీకరు పెట్టాడు. అవతల నరసింహారావు మాచవరం ఊరి కూడలిలో పదిమంది మధ్య ఉన్నాడు.

"నీ ఫోనుకి ఓటీపీ వస్తది. కాస్త చెప్పు నరసింహారావూ."

"మొన్న చెప్పాగా! ఒక్కసారేనన్నానా లేదా?"

యాస్మిన్ తప్పు తనదని చెప్పబోయింది. గోపాలరావు చెయ్యెత్తి ఆపాడు.

"అన్నావు. నేనే పొరపాటున ట్యాబు మూసేశా."



"ఏం చేశావూ?"

"మూసేశా."

"నువ్వా?"

"నేనే."

"ఒరేయ్, ఇటు రండ్రా! గోపాలరావు ట్యాబు మూశాడంట!"

ఫోను బద్దలయ్యేట్టు నవ్వులు. 'ఒంట్లో బాగుందా ఆయనకి' అని ఎవరో అడిగారు. 'ఎవరైనా పోయి చూసి రండిరా' అని ఇంకెవరో. నరసింహారావు నవ్వీ నవ్వీ, దగ్గుతూ, ఆ ఊపులోనే ఆరంకెలూ చదివేశాడు. "ఇంకోసారి చెప్పు, మూశావా?" అన్నాడు. "మూశానయ్యా," అన్నాడు గోపాలరావు, తలొంచుకుని.

దేవిక నాలుగింటికి వచ్చింది. బాపట్లను అన్నిటికంటే పైన పెట్టి పంపేసింది. సీటు వచ్చింది. ఊరంతా మెచ్చుకునేసరికి నరసింహారావు కూడా కాదనలేక, తానే పంపించినట్టు మీసం దువ్వాడు.

గోపాలరావు ట్యాబు మూసిన కబురు మాత్రం మాచర్ల నుంచి నరసరావుపేట దాకా పాకింది. పనుల కోసం వచ్చినవాళ్లు ముందు అదే అడిగేవాళ్లు. యాస్మిన్ నిజం చెబుతానంటే ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు చేరి రెణ్నెల్లు గాలేదు. నీ చేతికి కాయితం ఇవ్వాలంటే జనం జంకుతారు. నాకేముంది, నవ్వితే నవ్వనియ్."

నిరుడు చలికాలంలో గోపాలరావు పోయాడు. పెద్దకర్మ నాడు షామియానా కింద నరసింహారావు మళ్లీ ఆ ఓటీపీ కథే ఎత్తుకున్నాడు. పక్కన దేవిక, సెలవులకు వచ్చి ఉంది. యాస్మిన్ ఇక ఆగలేకపోయింది.

"ఆయన మూయలేదు పెదనాన్నా. మూసింది నేను."

నరసింహారావు నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "అంటే... అబద్ధం చెప్పి నా దగ్గర ఓటీపీ లాగాడా!" అని కూతురి వైపు తిరిగాడు. దేవిక అప్పటికే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

అంజమ్మ విస్తళ్లు సర్దుతున్నదల్లా నడుం నిలబెట్టి చూసింది.

"ముప్పై రెండేళ్లు కాపురం చేశా ఆ మనిషితో. ఆయన ట్యాబు మూశాడంటే, ఇంతమంది ఎట్టా నమ్మారయ్యా?"