అనంతపురం కాలేజీ వీధిలో గది వేట

కాలేజీ వస్తే ఊరు బాగుపడుతుందని పెద్దలు వేదికలెక్కి చెబుతుంటే నాకెప్పుడూ అనుమానమే. ఎవరి ఊరు? ఆ సంగతి తేల్చుకునే అవసరం ఈ జూన్‌లో వచ్చింది. మా ముదిగుబ్బలో కూలిపని చేసే దావీదు కొడుకు యేసురత్నానికి అనంతపురం కాలేజీలో సీటు దొరికింది. హాస్టల్లో చోటు లేదన్నారు. సోమవారానికల్లా గది దొరక్కపోతే చదువు మానేసి నాయన వెంట వేరుశనగ చేలకు పోవడమే. అతనికి తోడుగా బయల్దేరాను.

ఉదయం ఆరింటి బస్సులో, బత్తలపల్లి మీదుగా, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. మనిషికి రూపాయిన్నర. దిగి జట్కా మాట్లాడుకున్నాం, కాలేజీ వీధికి పావలా. "పదేండ్ల కిందట ఈడ కంపచెట్లే ఉండె అన్నా. ఇప్పుడు పశువుల కొట్టం గూడా గదే," అన్నాడు బండి తోలే మస్తాన్. నిజమే. భోజన హోటళ్లు, పుస్తకాల కొట్లు, పెరడున్న ప్రతి ఇంటికీ 'విద్యార్థులకు గదులు' అని ఒక బోర్డు. ఇతగాడికి ఏ ఇంటివాళ్లు కమీషన్ ఇస్తున్నారోనని నేను కనిపెడుతూనే ఉన్నాను.

మొదటి ఇంటావిడ గది చూపింది. అద్దె ఎనిమిది రూపాయలంది. చదువుల వీధి కదా, కులం అడగలేదు.

"మీ ఊర్లో ఏ బాయి నీళ్లు తాగుతారప్పా?"

"బాయిలన్నీ ఎండిపోయినాయమ్మా. ఊరంతా వంక ఇసుకలో తోడిన చెలమ నీళ్లే," అన్నాడు యేసురత్నం.

నాకు నవ్వాగలేదు. కరువు ఆవిడ ప్రశ్నను మింగేసింది! ఆవిడ మాత్రం తడుముకోలేదు.

"చెలమలో ముందు ముంచేదెవురు?"

అబద్ధమాడొచ్చు. ఆడలేదు. "పెద్దకులాలోళ్లేమ్మా. మేం కడవ పెట్టుకొని పక్కన నిలబడతాం. వాళ్లు పోస్తారు."

"అయ్యో, ఈ గది మా చెల్లెలి కొడుక్కి మాటిచ్చినాం. మర్సిపోయినా."

"మాటిచ్చిన గదికి బోర్డెందుకమ్మా?" అని నేను గొంతు పెంచేసరికి తలుపు పడింది. తర్వాత రెండిళ్లలోనూ ఇదే తంతు. మూడో ఇంటాయన కాలేజీలో చరిత్ర చెబుతాడట!

మస్తాన్ బండి దిగి వచ్చాడు. "రైలు గేటు అవతల మా ఇంటెనక గది ఉండాది. గుర్రం పక్కనే. వాసనొస్తాది."

"నీకేం లాభం?" అని నిలదీశాను.

"నెలకు ఐదు రూపాయలు. మా పాపకు లెక్కలు చెప్పల్ల. లాభం లేకుండా ఎవుడిస్తాడన్నా?"

"గుర్రానికి గూడా మా బాయి చెప్పల్లా మస్తానన్నా?" అన్నాడు యేసురత్నం.

"దానికెందుకప్పా? నీ పుస్తకాలు మేస్తాది, పైన పెట్టుకో!"

ఆ మధ్యాహ్నమే అతని ట్రంకుపెట్టె ఆ గదిలో దించాం.

కాలేజీ ఈ ఊరిని పెంచింది, కాదనను. పిల్లల అద్దెలతో మిద్దెలు లేచాయి. కానీ మునుపు మొహం మీద అడిగిన ప్రశ్నకు ఇప్పుడు మర్యాద నేర్పారు, అంతే. ఊరు మారిందని రాసేవాళ్లు ఒక్కపూట ఆ వీధిలో గది అడిగి చూడాలి.

గది కోసం వచ్చేవాళ్లకు ఒక్క సలహా: బోర్డులు నమ్ముకోకుండా గేటు అవతల వెతకండి. కాలేజీకి మైలున్నర నడక. పది గంటల క్లాసుకు తొమ్మిదికే బయల్దేరండి. గేటు పడిందంటే ఎవరైనా ఆగాల్సిందే.