గన్నేరు పువ్వు రాలితేనే బండి

మా అక్క దేవత. వేళాకోళం కాదు, నిజంగానే. మా వంటింటి గోడలో ఒక గూడు ఉండేది. అందులో పసుపు రాసిన ఇత్తడి చెంబు ఉండేది. ఆ చెంబే మా అక్క. పదిహేనేళ్ళ పిల్ల చెంబెట్టా అయిందని మీరడగొచ్చు. చెబుతాను, ఆగండి.

బతికున్నన్నాళ్ళూ దానికీ దైవత్వానికీ ఆమడ దూరం. నాన్న సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి, ఓణీ నడుముకు బిగించి, అద్దంకి రోడ్డు దాకా తొక్కుకుంటూ పోయేది. కూలోళ్ళతో పాటు మిరపకాయలు కోసి, ఆ మండే చేతుల్తో వెనకనుంచి వచ్చి నా కళ్ళు మూసేది. నేను లబోదిబోమంటుంటే పడీపడీ నవ్వేది. పండుమిరపకాయ పచ్చడి ఉంటే చాలు దానికి, బెల్లం పరమాన్నం వాసన తగిలితే మాత్రం ముక్కు మూసుకుని వీధిలోకి పరిగెత్తేది. మా నాయనమ్మ దాన్ని మొగరాయుడనేది. పక్క వీధిలో ఉండే మా మేనత్త దెయ్యప్పిల్ల అనేది. నేను మాత్రం దాని తోక పట్టుకుని తిరిగేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు, మిరప కోతల రోజుల్లో, దానికి జ్వరం వచ్చింది. వారమైనా తగ్గలేదు. అద్దంకి నుంచి వచ్చిన డాక్టరు చూసి, "గుంటూరు తీసికెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి" అన్నాడు. బస్సెక్కాలంటే నాలుగు మైళ్ళు బండి మీద పోవాలి. మాకున్నది ఒక్కటే బండి, ఒక్కటే జత ఎద్దులు. సరిగ్గా ఆ రోజే మబ్బు పట్టింది. కాయంతా కళ్ళంలో ఆరబోసి ఉంది. వాన పడితే ఎర్రటి కాయ తెల్లబడి తాలుకాయ అయిపోద్ది. ఇక చూడండి, ఇంట్లో పెద్దల సభ.

"జ్వరం ఎవరికి రాదే? రెండ్రోజుల్లో అదే పోద్ది. వాన పడితే ఏడాది కష్టం బూడిదలో పోసినట్టే" అంది నాయనమ్మ.

"కాయ ఇల్లు చేరంగానే పోదాం" అన్నాడు నాన్న.

అమ్మ ఏదో అనబోయింది. అమ్మ ఎప్పుడూ అనబోయేదే, అన్న దాఖలా లేదు.

మూడు రోజులు బండి కళ్ళానికీ ఇంటికీ తిరిగింది. వసారాలో నులకమంచం మీద పడుకున్న అక్క, చక్రాల చప్పుడు వినపడ్డప్పుడల్లా కళ్ళు తెరిచేది. "నాన్నా, బండి కట్టావా?" అనేది. "రేపమ్మా" అనేవాడు నాన్న, నెత్తిమీద బస్తా దించకుండానే. ఆ మూడు రోజులూ ఒక్క చుక్క రాలలేదు. నాలుగోనాడు పొద్దున్నే గడ్డి పరిచి, దుప్పటి వేసి, అక్కని బండిలో పడుకోబెట్టారు. రోడ్డెక్కకముందే అమ్మ ఒళ్ళో పోయింది. బండి వెనక్కి తిప్పుకొచ్చారు.

కాయ మాత్రం ఒక్కటి తడవలేదు. ఆ ఏడు మా కాయ రంగు చూసి ఊరంతా మెచ్చుకుంది.

మరుసటేడు మిరపతోటకి ముడత తెగులొచ్చింది. ఊళ్ళో అందరి తోటలకీ వచ్చింది, కానీ మా నాయనమ్మ లెక్కలో అది మాకోసమే వచ్చింది. సోది చెప్పే ఆవిడని పిలిపించింది. ఆవిడ నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "ఇంటి ఆడపిల్ల ఏడుస్తోంది, నిలబెట్టుకోండి" అంది. అంతే! దెయ్యప్పిల్ల కాస్తా పేరంటాలమ్మ అయిపోయింది. గూడుకి సున్నం కొట్టారు, చెంబు పెట్టారు. చలిమిడీ వడపప్పూ చేశారు, ఇంత గిన్నెడు బెల్లం పరమాన్నం కూడా! నేను కడుపు మండి, ఎవరూ చూడకుండా పరమాన్నం పక్కన పండుమిరపకాయ పచ్చడి ముద్ద పెట్టాను. నాయనమ్మ చూసి అపచారమని చెంపలేసుకుంది, ఆ తర్వాత నా చెంపలూ వాయించింది.

మా మేనత్తకి పూనకం కూడా మొదలైంది. జుట్టు విరబోసుకుని ఊగుతూ, "నాకు పచ్చ పట్టుచీర కావాలి" అంది. ఆ చీర చీరాల నుంచి చీరలమ్మేవాడు తెచ్చిన మూటలో ముందురోజు అత్త వేళ్ళతో తడిమి చూసినదే. నేను ఊరుకుంటానా? ముందుకెళ్ళి, "అక్కా, మనిద్దరం ఉప్పు కలిపిన చింతకాయ ఎక్కడ దాచాం?" అనడిగాను. దేవత ఒక్క క్షణం ఊగడం ఆపింది. "నీకెందుకే ఆ సంగతులు!" అని గసిరి మళ్ళీ ఊగింది. చీర పెట్టారు. చెంబు చీర కట్టుకోదు కాబట్టి అత్త కట్టుకుంది.

అన్నిటికంటే పెద్ద తమాషా బండి సంగతి. కళ్ళం నుంచి కాయ తోలడానికి మొదటిబండి కట్టేముందు పేరంటాలమ్మ సెలవు తీసుకోవాలని నాయనమ్మ కట్టడి చేసింది. చెంబు అంచున గన్నేరు పువ్వు పెట్టేది. అది దానంతటది కింద పడితే సెలవిచ్చినట్టు. అప్పటిదాకా ఎద్దుల్ని తోలకూడదు. నాన్న చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మా, బండి కట్టమంటావా?" అనడిగేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. అక్క అడిగినన్నాళ్ళూ రేపమ్మా అన్నవాడు, ఇప్పుడు చెంబుని అడుగుతున్నాడు! ఎంతసేపని నిలబడతారు? దీపంలో నూనె పోసే వంకతో వెళ్ళి నేనే వేలితో తోసేదాన్ని. "సెలవిచ్చింది తల్లి!" అనేది నాయనమ్మ. ఇలా నాలుగేళ్ళు ఆ దేవత పని నేనే చేసిపెట్టాను.

నాకు పదహారొచ్చిన ఏడు, అంటే నేను అక్క కంటే పెద్దదాన్నయిన ఏడు, కోతల్లో మళ్ళీ మబ్బు పట్టింది. కాయంతా కళ్ళంలోనే ఉంది. నాన్న వచ్చి గూడు ముందు నిలబడ్డాడు. పువ్వు పడలేదు. నేను గుమ్మంలో కూర్చున్నాను, కదల్లేదు. కదలకూడదనే కూర్చున్నాను. చూద్దాం, ఈసారి ఎవరు ఆగుతారో, ఎన్నాళ్ళు ఆగుతారో అనుకున్నాను. అంత కసి ఉండేది నాలో.

ఉరిమింది. నాయనమ్మ కంగారుపడి, "ఒరేయ్, పోనీలేరా, చిన్నపిల్ల, ఏమనుకోదు, బండి కట్టు" అంది. నాన్న కదల్లేదు. గూడు కింద గోడకి ఆనుకుని చతికిలబడ్డాడు. వాన మొదలైంది, సన్నగా కాదు, కుండపోత. కళ్ళం వైపు నుంచి జనం కేకలు వినపడుతున్నాయి. నాన్న తల వంచి, పువ్వు పడాల్సిన చోటే చూస్తున్నాడు. నా కసంతా ఎటు పోయిందో తెలియదు. గబగబా లేచి, నూనె వంక కూడా లేకుండా, పువ్వుని కిందకి తోశాను.

"నాన్నా, పువ్వు పడింది" అన్నాను.

"చూశానమ్మా" అన్నాడు, తలెత్తకుండానే. "ఏటా తోసేది నువ్వేనని నాకు తెలుసు. ఇయ్యేడు మీ అక్కనే తొయ్యనియ్యి."

ఆ ఏడు కాయంతా తడిసిపోయింది.