పెద్ద సార్ బూటుకు అంటిన మట్టి

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే అక్కడి నుంచి లేచిపోయే రకం నేను. బతుకంతా స్టీరింగు పట్టుకున్నవాణ్ణి. అరిగిన టైరంటే భయం, కారే బ్రేకు ఆయిలంటే భయం. కంటికి కనిపించనివాటికి భయపడే తీరిక నాకెప్పుడూ లేదు. ఇంట్లో పిల్లలకు దిష్టి తీస్తుంటే కూడా ఎగతాళి చేసేవాణ్ణి. కాబట్టి ఇది చదివి మీరు నవ్వుకున్నా నాకు కోపం లేదు. మీ స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తాను.

తొంభైల మధ్యలో నేను దోహాలో హౌస్ డ్రైవర్‌ని. మాది కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డు ఊరు. ప్రాజెక్టు కట్టాక అది నీళ్ళలో మునిగిపోయింది. మమ్మల్ని తెచ్చి రోడ్డు పక్కన వరుసగా కట్టిన ఇళ్ళలో పెట్టారు. సేద్యానికి నేల లేక నేను డ్రైవింగు నేర్చుకుని ఖతర్ చేరాను.

ఎండాకాలం నీళ్ళు తగ్గితే పాత ఊరు బయటపడుతుంది. మొండిగోడలు, గడపరాళ్ళు తేలతాయి. మా నాన్న ప్రతి ఏడూ వెళ్ళి మా గడప మీద కాసేపు కూర్చుని వచ్చేవాడు. ఆయన చెప్పులకు పచ్చటి ఒండ్రుమట్టి, అందులో వడ్లగింజంత నత్తగుల్లలు అంటుకుని వచ్చేవి. అమ్మ తిట్టుకుంటూ బయటే కాళ్ళు కడిగించేది. నేను మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పోయినదాన్ని మళ్ళీ చూసి ఏడవడం దేనికని నాన్నతో వాదించేవాణ్ణి.

నేను పనిచేసిన ఇల్లు ఐర్లండ్ నుంచి వచ్చిన ఒక ఇంజినీరుది. ఆయన పొద్దున్నే మెసయీద్‌లోని ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. భార్య చనిపోయింది. ఇంట్లో వంటకు కోనసీమ నుంచి వచ్చిన సత్యవతక్క ఉండేది. ఆ ఏడు మా ఇంజినీరు సార్ తన తండ్రిని దోహాకు తెచ్చుకున్నాడు. ఆయనకు మతిమరుపు. ఒంటరిగా వదిలే పరిస్థితి లేదు. మేమిద్దరం ఆయన్ని పెద్ద సార్ అనేవాళ్ళం.

వచ్చిన కొన్నాళ్ళకే పెద్ద సార్‌కు గుండె జబ్బు బయటపడింది. విమానం ఎక్కితే ప్రాణానికే ముప్పని డాక్టర్లు తేల్చేశారు. ఆయనకేమో ఒకటే ధ్యాస. ఇంటికి పోవాలి. సత్యవతక్క పేరు మర్చిపోయేవాడు, అన్నం తిన్నాడో లేదో మర్చిపోయేవాడు, ఇది మాత్రం మర్చిపోయేవాడు కాదు. రోజుకు ఎన్నిసార్లు కోటు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడేవాడో లెక్కలేదు.

ఆయన వంశం పేరు ఇక్కడ రాయను. ఆ కుటుంబంవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ పేరుకు ముందు 'ఓ' అని ఉంటుంది. ఫలానావాడి మనవడు అని దానర్థమట. ఒకప్పుడు ఒక పెద్ద చెరువుకూ ఏటికీ నడుమ ఉన్న నేలంతా ఆ వంశానిదేనట. ఇంగ్లీషు దొరలు వచ్చి లాక్కున్నారు. కొందరు సిపాయిలుగా స్పెయిన్ దేశం పోయారు, మిగతావాళ్ళను రాళ్ళ నేలలోకి తరిమేశారు. ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప పంట కుళ్ళిపోయిన కరువులో ఇంకొందరు చచ్చిపోయారు. ఇదంతా ఆయన కారులో కూర్చుని నాకు చెప్పేవాడు. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే. కానీ చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెబుతుంటే ఎవరికైనా అర్థమవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఒక రాయి గురించి చెప్పేవాడు. చెరువు పక్కన గుట్ట, గుట్ట మీద రాయి, రాతిలో పాదం గుర్తు. వంశానికి కొత్త పెద్దను ఎన్నుకుంటే అతను ఒక కాలి చెప్పు విడిచి ఆ గుర్తులో పాదం పెట్టి తన నేలంతా చూడాలట. ఆ తర్వాత వేరే ఇంటివాడు వచ్చి వంగి ఆ చెప్పు తొడగాలి. తొడిగితేనే పెద్ద అయినట్టు. చివరి పెద్ద పోయాక ఆ రాయి మీద ఎవరూ నిలబడలేదని చెప్పి చేతులు నలుపుకునేవాడు. వంశంలో వయసుకు పెద్దవాణ్ణి నేనే, ఒక్కసారి అక్కడ నిలబడి కన్నుమూస్తానని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

నీ నేల ఎక్కడుంది అని ఒకసారి నన్నడిగాడు. నీళ్ళ కింద ఉంది సార్ అన్నాను. పైకి వస్తుందా అన్నాడు. ఎండాకాలం వస్తుందన్నాను. అయితే వెళ్ళి చూస్తావు కదా అన్నాడు. నేను గేరు మార్చి మాట మార్చాను.

మా సార్ నాకు గట్టిగా చెప్పి పెట్టాడు. రోజూ పొద్దున కాసేపు సముద్రం పక్కన కార్నిష్ రోడ్డు మీద తిప్పు, శుక్రవారం ఎడారిలో షహానియా దాకా తీసుకెళ్ళి ఒంటెలు చూపించు, కానీ కారు మాత్రం దిగనివ్వకు. దిగితే ఎటో నడిచిపోతాడు, ఆ గుండెతో పడితే మళ్ళీ లేవడు. ఆ మాట వినగానే నాకు నిద్ర కరువైంది. పెద్దాయనకు ఏమైనా అయితే పోలీసులకు జవాబు చెప్పాల్సింది నేనే. నా పాస్‌పోర్టు సార్ బీరువాలో ఉంది. అన్నిటినీ మించి, ఆ ముసలాయనంటే నాకు ప్రేమ కుదిరింది.

ఆ చలికాలంలో ఒకరోజు పెద్ద సార్ గదిలో పొగ వాసన వస్తోందని సత్యవతక్క నన్ను పిలిచింది. నిజమే. వానకు తడిసిన పిడకలు కాలుతున్నట్టు ఉంది. ఏసీ ప్లగ్గు చూశాను, స్విచ్చుబోర్డు విప్పి చూశాను. ఏమీ లేదు. పెద్ద సార్ మంచం మీద కూర్చుని హాయిగా గాలి పీలుస్తున్నాడు. వైరింగులో ఏదో తేడా ఉందని అక్కకు సర్దిచెప్పాను.

తర్వాత వచ్చిన శుక్రవారం ఆయన్ని ఎక్కించుకుని షహానియా బయలుదేరాను. దోహాలో ఆకాశం తేటగానే ఉంది. ఊరు దాటి చాలా దూరం వెళ్ళాక మంచు కమ్మింది. చలికాలం పొద్దుటి పూట అక్కడ అది మామూలే. కానీ ఆ రోజు బానెట్ కూడా కనబడలేదు. వెనక నుంచి ట్రక్కు వచ్చి గుద్దుతుందేమోనని భయమేసింది. రోడ్డు దిగి ఆగితే మంచిదనుకుని బండిని పక్కకు తిప్పాను.

అప్పుడు పెద్ద సార్ మాట్లాడాడు. ఎప్పటి వణుకు గొంతు కాదు.

"ఎడమకు పోనివ్వు. నెమ్మదిగా. కుడివైపు నీళ్ళున్నాయి."

ఆగుదామంటే రోడ్డుకు ఎంత దూరంలో ఉన్నామో తెలియదు. ఇంకొంచెం లోపలికి పోదామని ఆయన చెప్పినట్టే నడిపాను. ఇసుక మీద టైరు ఎలా పలుకుతుందో నాకు తెలుసు. కాసేపటికి ఆ చప్పుడు మారింది. మాగాణిలోకి దిగినట్టు స్టీరింగు తేలికైంది, కింద నుంచి చపచపమని శబ్దం. అద్దం దించితే తడి గాలి, అందులో అదే పిడకల పొగ వాసన. బ్రేకు వేశాను.

"తలుపు తీయి సుంకన్నా, కాసేపే," అన్నాడాయన. నా పేరు ఆయన సరిగ్గా పలకడం అదే మొదలు.

వద్దు సార్ అన్నాను, బతిమాలాను. తలుపు నేను తీశానో, ఆయనే తీసుకున్నాడో ఇప్పటికీ చెప్పలేను. చూస్తుండగానే ఆ కోటు మంచులో కలిసిపోయింది.

దిగి వెంటపడితే కారు దగ్గరికి తిరిగి రాలేనని భయం. హారను మోగుతుంటే ఆ చప్పుడు పట్టుకుని ఆయనే వస్తాడనుకుని నొక్కుతూ, సార్ సార్ అని అరుస్తూ సీటులోనే కూర్చున్నాను. అంత భయం నేను ఎప్పుడూ పడలేదు. అయిపోయింది, పెద్దాయన్ని చంపుకున్నాను అనుకున్నాను. మొక్కడం అలవాటు లేనివాణ్ణి, గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ మొక్కాను.

చాలాసేపటికి ఆయన వచ్చాడు. ఆయాసం లేదు. ఒక కాలికి బూటు లేదు, అది చేతిలో ఉంది. తలుపు తీసి సీటు మీద పక్కకు తిరిగి కూర్చుని ఆ బూటు నావైపు చాచాడు.

ముసలాయన వంగలేడు కదా అనుకున్నాను. అంతే అనుకున్నాను. దిగి బండి చుట్టూ తిరిగి వెళ్ళి కింద కూర్చుని ఆ కాలిని చేతిలోకి తీసుకున్నాను. బావినీళ్ళంత చల్లగా ఉంది. పాదమంతా నల్లటి బురద. తువ్వాలుతో తుడిచి బూటు తొడిగి లేసు కట్టాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి తన భాషలో ఏదో అన్నాడు. ఆ తర్వాత ఇంగ్లీషులో అన్నాడు.

"నీది కూడా ఇక్కడే ఉంది. చూడవా?"

నేను తల తిప్పలేదు. పోదాం సార్ అని తలుపు వేసి, స్టీరింగు ముందు కూర్చుని బండి వెనక్కి తిప్పాను.

మంచు విడిచేసరికి ఒంటెల కొట్టం కంచె పక్కన ఉన్నాం. నిజామాబాద్ వైపు నుంచి వచ్చి అక్కడ ఒంటెలు కాసే ఒకతను పరుగెత్తుకొచ్చాడు.

"గిటు ఏడికెళ్ళి వస్తున్నవే అన్నా? గిటు తొవ్వ లేదు గద!" అని టైర్ల వైపు చూసి ఆగిపోయాడు. "గీ బురదేంది? ఈ యేడు సుక్క వాన పడలే. నీళ్ళేడియి గీడ?"

"నాకేం అర్థం కాల్యా అన్నా. దోవ చూపియ్యి సాలు," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి సార్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తండ్రి బూట్లు చూసి ముఖం ఎర్రబడింది, నా మీదికి రాబోయాడు. అంతలో వంగి ఆ బురద కొంచెం వేళ్ళతో తీసి వాసన చూశాడు. వేళ్ళ మధ్య నలిపాడు. అందులో సన్నటి గడ్డివేర్లు, పీచు. ఆ మనిషి మెట్టు మీద కూలబడ్డాడు.

వాళ్ళ ఊళ్ళో ఆ మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో పిడకల్లా మండిస్తారని చెప్పాడు. చిన్నప్పుడు తండ్రి వెంట కోయడానికి వెళ్ళేవాడట. ఎక్కడికి తీసుకెళ్ళావని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. బూటు తొడిగిన సంగతి చెబుతుంటే కళ్ళు మూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం మళ్ళీ అక్కడికి వెళ్ళాం. మా టైరు జాడలు స్పష్టంగా ఉన్నాయి. పొడి ఇసుకలోకి వెళ్ళి, పొడి ఇసుకలోనే వెనక్కి తిరిగాయి. చుట్టూ రాళ్ళు తప్ప ఏమీ లేవు. సార్ చాలాసేపు అక్కడే తిరిగాడు. మరుసటి రోజు సెలవు పెట్టి తండ్రి దగ్గరే కూర్చున్నాడు.

ఆ తర్వాత పెద్ద సార్ కోటు అడగలేదు, తలుపు దగ్గరికి రాలేదు. సత్యవతక్క ఏం పెడితే అది తిన్నాడు. కొద్ది రోజులకు నిద్రలోనే వెళ్ళిపోయాడు. సార్ ఆయన్ని సొంత ఊరికి తీసుకెళ్ళి ఆ చెరువు పక్కనే పాతిపెట్టి వచ్చాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను ఆ ఇల్లు వదిలేదాకా నన్ను అన్నదమ్ముడిలా చూసుకున్నాడు.

ఇక్కడితో ఆగితే ఏదో ఒకటి చెప్పుకుని మనసుకు సర్దిచెప్పుకునేవాణ్ణి. పెద్ద సార్ ఏ తోటకో తోలిన ఎరువు మీద నడిచాడనుకునేవాణ్ణి.

కానీ ఆ రోజు పెద్ద సార్‌తో ఇంటికి వచ్చాక, సార్‌తో మళ్ళీ బయలుదేరకముందే, నన్ను చూసి సత్యవతక్క అడిగింది. "ఏంటి తమ్ముడూ ఆ చెప్పులు? చేలోంచి వచ్చినట్టున్నావ్!"

అప్పుడు కిందికి చూసుకున్నాను. సార్ కూడా వచ్చి చూశాడు. వేలితో తాకి, ఇది మా మట్టి కాదే అన్నాడు.

నా చెప్పులకున్నది నల్లగా లేదు. పచ్చటి ఒండ్రు. అందులో వడ్లగింజంత నత్తగుల్లలు. నేను ఇంకేమీ చూడలేక పెరట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి గబగబా కడిగేశాను. అమ్మ నాన్నతో కడిగించినట్టు.

మరుసటి సెలవు ఎండాకాలంలోనే తీసుకున్నాను. నేనే నాన్నను అడిగి పాత ఊరికి వెళ్ళాను. ఆయన నమ్మలేక నా ముఖం వైపు చూశాడు. గడప మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఖతర్ సంగతి ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు నాన్న లేడు. ఆ ఒక్క పొద్దు నాకు మిగిలింది.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు. ఆ మంచులో నేను కారు దిగింది పెద్ద సార్‌కు బూటు తొడగడానికే. నా చూపంతా ఆయన పాదం మీదే ఉంది. నేను ఏ నేల మీద కూర్చున్నానో చూసుకోలేదు.